లేని పోస్టుకు ఖాళీ ఎక్కడిది?

విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల కొరతపై చట్టసభల్లో ప్రశ్న వచ్చినప్పుడల్లా ప్రభుత్వం ఒక పట్టికను సభ ముందు పెడుతుంది. మంజూరైన పోస్టులు ఇన్ని, భర్తీ అయినవి ఇన్ని, ఖాళీలు ఇన్ని అని మూడు గడులు. ప్రతిపక్షం మూడో గడి చూపి నిలదీస్తుంది. అధికారపక్షం నోటిఫికేషన్ త్వరలో వస్తుందంటుంది. ఢిల్లీలో ఇన్నేళ్ళుగా ఈ తంతును చూస్తున్న నాకు అసలు కొరత ఈ పట్టిక బయట ఉందన్న సంగతి చాలా ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యేలా చేసింది జంషెడ్‌పూర్.

తెలుగువారికి జంషెడ్‌పూర్ పరాయి ఊరేమీ కాదు. టాటాల ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్ళిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. బిష్టూపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ సాక్షి. తాతలు కొలిమి దగ్గర నిలబడ్డారు, మనుమలు, మనుమరాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చోవాలనుకుంటున్నారు. పక్కనే నివసించే సంథాలీ, హో కుటుంబాల పిల్లల కోరికా అదే. వారికి దగ్గరలో ఉన్న పెద్ద విద్యాసంస్థ ఖర్కై నది అవతల ఆదిత్యపూర్‌లోని ఎన్ఐటీ. 1960లో ప్రాంతీయ ఇంజనీరింగ్ విద్యాలయంగా మొదలై, 2002లో ఎన్ఐటీ అయింది. సగం సీట్లు సొంత రాష్ట్రానికే ఉన్నా, జేఈఈ గడప దాటిన వారికే అందులో చోటు. మిగిలిన వారికి దిక్కు 2009లో చైబాసా కేంద్రంగా ఏర్పడిన కొల్హాన్ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలు, 1953 నాటి మహిళా కళాశాల నుంచి ఎదిగిన జంషెడ్‌పూర్ మహిళా విశ్వవిద్యాలయం. అక్కడ వారు చేరే కోర్సు బీసీఏ.

సమస్య ఈ బీసీఏ దగ్గరే మొదలవుతుంది. చరిత్రకు, రసాయనశాస్త్రానికి, హిందీకి ఉమ్మడి బీహార్ కాలం నుంచి మంజూరైన పోస్టులున్నాయి. వాటిలో ఖాళీలున్నాయి కాబట్టి అవి పట్టికకెక్కుతాయి. కంప్యూటర్ సైన్సు అలా రాలేదు. ప్రభుత్వాలు కొత్త పోస్టుల సృష్టిని దాదాపు మరచిపోయిన రోజుల్లో అది కళాశాల గడప తొక్కింది. అందుకే 'వృత్తివిద్యా కోర్సు' అనే పేరుతో, విద్యార్థులు కట్టే రుసుము మీద నడిచే స్వయం ఆర్థిక కోర్సుగా వచ్చింది. బోధకుడి జీతమూ ఆ రుసుములోంచే. ఖజానా మీద భారం లేదు కనుక ఆర్థిక శాఖకు దానితో పని లేదు. మంజూరైన పోస్టే లేనప్పుడు ఖాళీ అన్న మాటా పుట్టదు. తరగతి గది నిండుగా ఉంటుంది, పరీక్షలు జరుగుతాయి, పట్టాలు వస్తాయి. సర్కారు లెక్కలో మాత్రం కంప్యూటర్ సైన్సు అధ్యాపకుల కొరత సున్నా!

ఈ విషయం కదిపితే అధికారుల నుంచి వచ్చే జవాబు ఒకటే. సాఫ్ట్‌వేర్ కంపెనీలు లక్షలు ఇస్తుంటే కంప్యూటర్ చదివినవాడు పాఠం చెప్పడానికి ఎందుకు వస్తాడు? ఇందులో కొంత నిజముంది. మంచి పరిశోధన చేసినవారిని కంపెనీలు, విదేశీ విశ్వవిద్యాలయాలు ఎగరేసుకుపోతున్న మాట కాదనలేం. కానీ ఎంసీఏ చేసి, నెట్ పాసై, ఇల్లూ వాకిలీ ఆ ఊళ్ళోనే ఉన్న మనిషి సంగతేమిటి? ఇప్పుడు తరగతుల్లో పాఠాలు చెబుతున్నది అలాంటివారే కదా! ఏ భరోసా లేకుండా, అరకొర పారితోషికానికి బోధించడానికి దొరుకుతున్న మనిషి, ఏడో వేతన సంఘం ప్రకారం 57,700 రూపాయల మూలవేతనంతో శాశ్వత ఉద్యోగం ఇస్తామంటే పారిపోతాడా? మనుషులు దొరకడం లేదన్నది పోస్టు సృష్టించకపోవడానికి చెప్పే సాకు.

మంజూరైన పోస్టులున్న శాఖల గతి మాత్రం గొప్పగా ఉందా అంటే అదీ లేదు. జార్ఖండ్‌లో విశ్వవిద్యాలయ అధ్యాపకుల ఎంపిక రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ బాధ్యత. 2008లో జరిగిన పెద్ద నియామకం ఆరోపణల్లో చిక్కుకొని సీబీఐ దర్యాప్తు దాకా వెళ్ళింది. మళ్ళీ చెప్పుకోదగ్గ ప్రకటన రావడానికి 2018 దాకా పట్టింది. రాష్ట్ర అర్హత పరీక్ష 'జెట్' 2006లో ఒకసారి జరిగి, తరువాత సుమారు రెండు దశాబ్దాలు అటకెక్కింది. ఈ మధ్యలో తరగతులను నెట్టుకొచ్చినవారు గంటల లెక్కన పిలిచిన బోధకులు. తొలినాళ్ళలో వారికి తరగతికి 600 రూపాయలు, నెలకు 36,000 గరిష్ఠ పరిమితి. అంటే ఆ పరిమితిని అందుకోవాలంటే నెలకు అరవై తరగతులు చెప్పాలి. సెలవులొస్తే తరగతులుండవు, తరగతులు లేకుంటే డబ్బుండదు. అతిథి అధ్యాపకులకు తరగతికి 1,500, నెలకు 50,000 దాకా ఇవ్వవచ్చని యూజీసీ 2019లోనే చెప్పింది. జార్ఖండ్‌లో తరువాత ఈ బోధకుల పేరు మారింది, పారితోషికమూ పెరిగింది. ఉద్యోగం మాత్రం తాత్కాలికంగానే మిగిలింది.

కేంద్రం తీరు మరో వింత. పోస్టులు పెంచే ఆలోచన కంటే అర్హతలు మార్చే ఉత్సాహమే అక్కడ ఎక్కువ. విశ్వవిద్యాలయ శాఖల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 2021 జులై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018 నిబంధనలు చెప్పాయి. గడువును 2023 జులైకి జరిపారు. ఆ గడువు రాగానే నెట్, సెట్, స్లెట్ చాలు, పీహెచ్‌డీ ఐచ్ఛికమన్నారు. 2025 జనవరి ముసాయిదా ఇంకో అడుగు ముందుకేసి, 55 శాతం మార్కులతో ఎంటెక్ చేసినవారు నెట్ లేకుండానే అర్హులంది. కంప్యూటర్ సైన్సు వరకు ఇది సబబే అని నా అభిప్రాయం. కానీ ద్వారం ఎంత వెడల్పు చేసినా లోపల కుర్చీ లేకపోతే వచ్చినవాడు ఎక్కడ కూర్చుంటాడు?

కుర్చీ లేకపోవడంలో సామాజిక న్యాయం కోణం కూడా ఉంది. 13 పాయింట్ల రోస్టర్ వివాదం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అలహాబాద్ హైకోర్టు 2017 తీర్పును అనుసరించి, రిజర్వేషన్ లెక్కకు విశ్వవిద్యాలయాన్ని కాక ఒక్కో శాఖను యూనిట్‌గా తీసుకోవాలని యూజీసీ 2018 మార్చిలో ఆదేశించింది. ఆ లెక్కలో నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి వస్తాయి. ఐదారు పోస్టులుండే కంప్యూటర్ సైన్సు వంటి చిన్న శాఖలో ఆదివాసీ వంతు ఎన్నటికీ రాదు. దేశమంతా ఆందోళన రేగడంతో 2019 ఎన్నికల ముందు కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది, తరువాత చట్టం చేసింది. కేంద్ర సంస్థల్లో విశ్వవిద్యాలయమే మళ్ళీ యూనిట్ అయింది. మంచిదే. కానీ జనాభాలో నాలుగో వంతుకు పైగా ఆదివాసీలున్న జార్ఖండ్‌లో, మంజూరైన పోస్టే లేని కోర్సుకు ఏ రోస్టర్‌ను వర్తింపజేస్తారు? వీధుల్లో పోరాడి గెలిచిన హక్కు ఈ తరగతి గది గుమ్మం దగ్గరే ఆగిపోతోంది.

ఇదంతా జార్ఖండ్ వెనుకబాటు అని తెలుగువారు సరిపెట్టుకోనక్కర లేదు. ఉమ్మడి నియామక మండలి కోసం తెలంగాణ శాసనసభ 2022లో ఆమోదించిన బిల్లుపై అప్పటి గవర్నరు తమిళిసై సందేహాలు లేవనెత్తారు. చివరకు అది రాష్ట్రపతి పరిశీలనకు వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ 2023లో ఎన్నికలు దగ్గరపడ్డాక 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 పోస్టులు నింపుతామంది. వ్యవహారం న్యాయస్థానానికెక్కి ఆగింది. కంప్యూటర్ సీట్లు మాత్రం ఆగలేదు. బాగా నడిచే ఇంజనీరింగ్ కళాశాలల్లో సీట్ల గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తివేసింది. అదే ఏడాది బీసీఏను కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది.

2025 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రతిపక్ష పాలిత రాష్ట్రాల విద్యామంత్రులు యూజీసీ ముసాయిదాపై సమావేశమయ్యారు. తెలంగాణ, జార్ఖండ్ రెండూ ఆ బల్ల దగ్గర కూర్చున్నాయి. ఉపకులపతిని గవర్నరు ఎంపిక చేయాలా, రాష్ట్ర ప్రభుత్వమా అన్నదే అక్కడ ముందు వరుసలో నిలిచిన వివాదం. సమాఖ్య స్ఫూర్తి దృష్ట్యా రాష్ట్రాల వాదనతో నేను ఏకీభవిస్తాను. అయితే అధ్యాపక పోస్టు సృష్టించడానికి యూజీసీ అనుమతి గానీ, గవర్నరు సంతకం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపు గానీ అవసరం లేదు. విశ్వవిద్యాలయం ప్రతిపాదించాలి, ఉన్నత విద్యాశాఖ ఒప్పుకోవాలి, ఆర్థిక శాఖ, మంత్రివర్గం ఆమోదించాలి. ఇది రాష్ట్రం చేతిలోని పని. స్వయంప్రతిపత్తి కోసం ఇంతగా వాదించే ప్రభుత్వాలు, ఉన్నంత మేర దాన్ని ఎందుకు వాడుకోవో రాంచీ, హైదరాబాద్ రెండూ చెప్పాలి.

కొల్హాన్ నుంచి గెలిచిన శాసనసభ్యులు ఈసారి ఖాళీలు ఎన్ని అని అడగవద్దు. మీ విశ్వవిద్యాలయాల్లో ఒక్క మంజూరైన పోస్టు కూడా లేకుండా నడుస్తున్న కోర్సులెన్ని, వాటిలో చదువుతున్న పిల్లలెందరు, వారు కట్టిన రుసుములో ఎంత బోధకులకు చేరింది అని అడగాలి. ఆ పట్టికకు నాలుగో గడి అలా గీయించవచ్చు. హైదరాబాద్, అమరావతి సభల్లోనూ ఇదే ప్రశ్న వేయడానికి ఏ అడ్డూ లేదు.