పొడవు కొలిచే ముందు వయస్సు అడగండి

నాలుగో తరగతి చదివే ఇద్దరు పిల్లలు ఉన్నారనుకోండి. ఓబులేసు నిలబడిన చోటు నుంచి 140 సెంటీమీటర్లు దూకాడు. మస్తాను 132 సెంటీమీటర్లు దూకాడు. క్రీడా పాఠశాలలో ఒక్కటే సీటు ఉంది. ఎవరికివ్వాలి?

‘ఇందులో ఆలోచించడానికేముంది, ఓబులేసుకే’ అంటారు మీరు. కాస్త ఆగండి. ఓబులేసు సెప్టెంబరులో పుట్టాడు. మస్తాను ఆ మరుసటి ఆగస్టులో పుట్టాడు. ఇద్దరి మధ్య 11 నెలల తేడా ఉంది. ఇప్పుడేమంటారు?

11 నెలలంటే ఎంత?

మీ నాన్నగారికీ పక్కింటి మామకూ మధ్య 11 నెలల తేడా ఉంటే దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. కానీ తొమ్మిదేళ్ళ పిల్లవాడికి 11 నెలలంటే అతని జీవితంలో పదో వంతు. ఆ వయస్సులో పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. కాళ్ళ పొడవు, కండరాల బలం, ఊపిరి పట్టే శక్తి అన్నీ దానితోపాటే పెరుగుతాయి. కాబట్టి ఓబులేసు దూకిన ఆ అదనపు 8 సెంటీమీటర్లలో చాలా భాగం ప్రతిభ వల్ల కాక వయస్సు వల్ల వచ్చింది కావచ్చు.

ఇది ఊహ కాదు. కెనడా దేశంలో ఐస్ హాకీ జట్లకు పిల్లల వయస్సును జనవరి 1 నుంచి లెక్కిస్తారు. రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1985లో ఆటగాళ్ళు పుట్టిన నెలలను లెక్కగట్టారు. పై స్థాయి జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవారు చాలా ఎక్కువగా, సంవత్సరం చివర పుట్టినవారు చాలా తక్కువగా కనిపించారు. డిసెంబరులో పుట్టిన పిల్లలకు ప్రతిభ లేదా? ఉంది. చిన్నప్పుడు ఎంపికలో వెనకబడ్డారు. ఎంపికైనవారికి మంచి శిక్షణ, ఎక్కువ ఆటలు దొరికాయి. మొదట నెలల్లో ఉన్న తేడా పోనుపోను నిజమైన తేడాగా మారిపోయింది.

మన కడపలో డాక్టర్ వై.ఎస్.ఆర్. క్రీడా పాఠశాల ఉంది. హైదరాబాదు దగ్గర హకీంపేటలోనూ క్రీడా పాఠశాల ఉంది. ఇటువంటి చోట్ల నాలుగో తరగతిలోనే పిల్లలను ఎంచుకుంటారు. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు వంటి పరీక్షలు పెడతారు. అవి మంచి పరీక్షలే. అయితే ఏ టేపు అయినా, ఏ స్టాప్‌వాచీ అయినా ఈనాటి బలాన్నే కొలుస్తుంది. రేపటి బలాన్ని కొలిచే టేపు ఇంకా తయారు కాలేదు.

స్థానం, వేగం

ఒక రైలు కర్నూలు స్టేషనులో ఉందని చెబితే అది ఎంతసేపట్లో డోన్ చేరుతుందో చెప్పగలరా? చెప్పలేరు. దాని వేగం కూడా తెలియాలి. పిల్లల ఆట కూడా అంతే. ఈరోజు మార్కు స్థానం మాత్రమే చెబుతుంది. వేగం తెలియాలంటే కొంతకాలం తర్వాత మళ్ళీ కొలవాలి.

అమెరికాలో బాస్కెట్‌బాల్ జట్లు చేసే పని గమనించండి. అక్కడి ఎన్.బి.ఎ. జట్లు ఏటా కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. దీన్ని డ్రాఫ్ట్ అంటారు. 19 ఏళ్ళ కుర్రవాడు, 22 ఏళ్ళ యువకుడు ఒకేలా ఆడుతుంటే జట్లు సాధారణంగా 19 ఏళ్ళవాడివైపే మొగ్గుతాయి. అంత తక్కువ కాలంలో అంత ఆట వచ్చిందంటే ఇంకా ఎదిగే అవకాశం ఎక్కువని వాళ్ళ లెక్క. 2013లో యానిస్ అనే 18 ఏళ్ళ కుర్రవాణ్ణి 15వ స్థానంలో ఎంచుకున్నారు. అప్పటికి అతను గ్రీసులో రెండో స్థాయి పోటీల్లో ఆడుతున్నాడు. ఎంపికైన తర్వాత కూడా పొడుగయ్యాడు. 2019, 2020 సంవత్సరాల్లో ఆ పోటీలన్నింటిలోకీ ఉత్తమ ఆటగాడయ్యాడు.

అలాగని చిన్న వయస్సు, పొడవు ఉంటే చాలనుకోకండి. పంజాబు రైతుబిడ్డ సత్నాం సింగ్ 7 అడుగులు దాటిన మనిషి. 2015లో 19 ఏళ్ళ వయస్సులో డల్లాస్ జట్టు అతణ్ణి 52వ స్థానంలో ఎంచుకుంది. ఎన్.బి.ఎ. డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు అతనే. కానీ అక్కడ ఒక్క ఆట కూడా ఆడలేకపోయాడు. మరోవైపు, 2014లో 41వ స్థానంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని యోకిచ్ అనే సెర్బియా కుర్రవాడు తర్వాత మూడుసార్లు ఉత్తమ ఆటగాడయ్యాడు. కోట్ల డాలర్లు, ఎందరో నిపుణులు ఉన్నచోటే అంచనాలు ఇలా తప్పుతుంటే, ఒక్క ఉదయం జరిగే పరీక్షతో తొమ్మిదేళ్ళ పిల్లల భవిష్యత్తు తేల్చగలమా?

ముందు పెరిగేవారు, తర్వాత పెరిగేవారు

పుట్టినరోజు సరిగ్గా తెలిసినా ఇంకో చిక్కు ఉంది. అందరి శరీరాలూ ఒకే గడియారాన్ని బట్టి నడవవు. సగటున ఆడపిల్లలు 12 ఏళ్ళ ప్రాంతంలో, మగపిల్లలు 14 ఏళ్ళ ప్రాంతంలో చాలా వేగంగా పొడుగవుతారు. కొందరికి ఇది రెండేళ్ళు ముందే వస్తుంది. కొందరికి రెండేళ్ళు ఆలస్యమవుతుంది. మీ ఎనిమిదో తరగతి వరసలో చూడండి. మీసాలు వస్తున్నవాడి పక్కనే వాడి భుజం దాకా కూడా రాని పిల్లవాడు ఉంటాడు. ఇద్దరూ ఒకే ఏడాదివారే!

1978లో అమెరికాలోని ఒక ఉన్నత పాఠశాలలో బాస్కెట్‌బాల్ పెద్ద జట్టుకు ఎంపిక జరిగింది. 15 ఏళ్ళ మైకేల్ జోర్డాన్ ఎత్తు అప్పటికి 5 అడుగుల 10 అంగుళాలు. పొడగరి కావాలని అదే తరగతిలోని 6 అడుగుల 7 అంగుళాల స్నేహితుణ్ణి తీసుకుని జోర్డాన్‌ను చిన్న జట్టులో ఉంచారు. తర్వాత జోర్డాన్ 6 అడుగుల 6 అంగుళాలు పెరిగి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. ఈ కథ చెప్పేవారు చాలామంది ఒక విషయం మరచిపోతారు. ఆ బడి అతణ్ణి ఇంటికి పంపలేదు. చిన్న జట్టు అనే తలుపు తెరిచే ఉంచింది.

మన సీమకు ఈ విషయం మరీ ముఖ్యం. చిన్నప్పుడు తిండి చాలకపోతే శరీరం ఎదిగే గడియారం నెమ్మదిస్తుంది. ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి వాన లేని ఏడు మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలు ఎన్నో. పిల్లలూ వెంట వెళతారు, బడి తప్పుతుంది, అన్నం వేళ తప్పుతుంది. అటువంటి పిల్లలు ఆలస్యంగా ఎదిగితే అది వాళ్ళలో లోపం కాదు. తొమ్మిదేళ్ళకే తలుపు మూసేస్తే మొదట బయట ఉండిపోయేది వీళ్ళే.

ఆలస్యంగా వచ్చినా అందుకోవచ్చు. కడప జిల్లా పల్లెటూరి అమ్మాయి శ్రీ చరణి 2004లో పుట్టింది. మొదట వేరే ఆటలు ఆడి, 16 ఏళ్ళ ప్రాంతంలో గాని క్రికెట్‌ను గట్టిగా పట్టుకోలేదు. 2025లో మన మహిళలు ప్రపంచకప్ గెలిచినప్పుడు ఆ పోటీల్లో 14 వికెట్లు తీసింది.

దిద్దిన తేదీలు

వయస్సుకు ఇంత విలువ ఉందని తెలిసే కొందరు పెద్దలు దాన్ని దిద్దుతున్నారు. మన పల్లెల్లో పెద్దవాళ్ళ పుట్టినరోజులు చాలావరకు జూన్ 1 అనో, జూలై 1 అనో ఉంటాయి. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు అంచనాగా రాసినవి అవి. అది తెలియనితనం. కానీ అండర్-14 జట్టులో ఆడించడానికి 16 ఏళ్ళవాడి వయస్సు తగ్గించడం మోసం. దీనివల్ల నిజంగా 14 లోపు ఉన్న పిల్లవాడు సీటు పోగొట్టుకుంటాడు. మోసం చేసినవాడికీ మేలు లేదు. అందరూ ఎదిగాక అతని అదనపు బలం కరిగిపోతుంది.

మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల చివర్లు ఎంతవరకు అతుక్కున్నాయో చూసి ఎముకల వయస్సు కట్టవచ్చు. మన క్రికెట్ బోర్డు చిన్నవారి పోటీలకు ఈ పద్ధతే వాడుతోంది. కానీ ముందు చెప్పుకున్నట్టు ఎదుగుదల ఒక్కొక్కరికి ఒక్కో తీరు. కనుక అదీ పుట్టిన తేదీని కచ్చితంగా చెప్పలేదు. పుట్టిన వెంటనే నమోదు చేయించడమే అన్నింటికన్నా మంచి మందు.

ఏం చేయాలి?

‘సీట్లు కొన్నే, పిల్లలు వేలమంది. ఎక్కడో ఒక గీత గీయక తప్పదు కదా’ అని శిక్షకులు అంటారు. నిజమే. జిమ్నాస్టిక్స్ వంటి ఆటలు చిన్నప్పుడే మొదలుపెట్టాలన్నదీ నిజమే. గీత గీయవద్దని నేను అనడం లేదు. ఒక్కసారి గీసి మరచిపోవద్దంటున్నాను. తొమ్మిదేళ్ళకు ఒకసారి, 12కు ఒకసారి, 15కు మరొకసారి పరీక్షలు పెట్టి, ప్రతిసారీ కొన్ని సీట్లు కొత్తవారికి ఉంచాలి. మార్కు పక్కనే వయస్సును నెలల్లో రాయాలి.

దీనికి ఖర్చు లేని ఉపాయం కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో ఒక ప్రయోగం చేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఫుట్‌బాల్ ఆడే పిల్లలను నిపుణుల చేత ఎంపిక చేయించారు. పుట్టిన తేదీల పట్టిక చేతికిచ్చినా నిపుణులు పెద్ద పిల్లలనే ఎక్కువగా ఎంచారు. పిల్లల చొక్కాల మీది నంబర్లు వయస్సు వరస ప్రకారం వేయగానే ఆ పక్షపాతం పోయింది. కంటికి ఎదురుగా ఉన్నదే మనసుకు ఎక్కుతుంది!

ఈ పని మీరూ చేయవచ్చు. మీ తరగతిలో అందరి వయస్సులను నెలల్లో లెక్కించండి. చొక్కాలకు ఆ వరస ప్రకారం నంబర్లు అంటించండి. మూడు నెలలకొకసారి ఎత్తు, దూకిన దూరం కొలిచి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలపండి. సంవత్సరం చివర ఎవరి గీత ఎత్తుగా ఉందో చూడండి. ఎవరి గీత నిటారుగా లేస్తోందో కూడా చూడండి. ఆ రెండు జాబితాల్లో పేర్లు ఒకటే ఉండకపోవచ్చు. ఆ గ్రాఫును మీ వ్యాయామ ఉపాధ్యాయులకు చూపించండి.