బూజుకర్ర ఎత్తే ముందు

వర్క్ ఫ్రమ్ హోమ్ అని వినుకొండ వచ్చా. రాత్రి మీటింగ్‌లో ఉండగా గోడ మీద అరచేయంత గోధుమరంగు సాలీడు కనిపించింది. అమ్మ బూజుకర్ర ఎత్తింది. ఫోన్‌తో జూమ్ చేసి చూస్తే దాని పొట్ట కింద తెల్లటి బిళ్ల. గుడ్ల సంచి! అమ్మ చెయ్యి ఆగిపోయింది.

అది హంట్స్‌మన్ స్పైడర్. గూడు అల్లదు, బొద్దింకల్ని వేటాడి తింటుంది. మూలల్లో సన్నటి పొడవు కాళ్లతో వేలాడుతూ, ముట్టుకుంటే గూడుతో సహా ఊగిపోయేది సెల్లార్ స్పైడర్. మన ఇంటి బూజులో దీని వాటా ఎక్కువే. కిటికీ మీద గెంతుతూ, పెద్ద కళ్లతో మనవైపే తిరిగి చూసేది జంపింగ్ స్పైడర్. పెరట్లో గూడు మధ్య తెల్లటి ఇంటూ మార్కు కనిపిస్తే సిగ్నేచర్ స్పైడర్.

ఈ నాలుగూ మన ప్రాణాలు తీసేవి కావు. అలాగని చేత్తో పట్టుకోకండి, కరవొచ్చు. డబ్బా బోర్లించి, కింద అట్టముక్క జరిపి బయట వదిలేయండి.

శ్రీకాళహస్తి పేరులో ‘శ్రీ’ అంటే సాలీడే. అక్కడ దండం పెట్టి, ఇంట్లో చెప్పు తీస్తే ఎలా?

అన్నట్టు, అమ్మ ఇప్పుడు దాన్ని ‘బాలింత’ అంటోంది.