జీతం లేని భుజకీర్తులు

భుజకీర్తులనగానే మనకు పద్యనాటకంలో దుర్యోధనుడు గుర్తుకొస్తాడు. అట్టముక్కల మీద బంగారు రంగు కాగితం అతికించి, అద్దం పెంకులు తాపిన ఆ భుజకీర్తులు తెల్లవార్లూ పెట్రొమాక్సు వెలుగులో మెరుస్తాయి. తెల్లవారాక ఏ పెట్టెలోనో పడుకుంటాయి. జీతం లేకుండా యూనిఫాం వేసుకుని పనిచేసే వాళ్ళ హోదాలు కూడా ఇలాంటివేనని చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. కొందరు పైకే అంటారు. మర్యాదస్తులు నవ్వి ఊరుకుంటారు. ఈ అభిప్రాయం సగం తప్పని, మిగతా సగాన్ని మాత్రం జాగ్రత్తగా ఆలోచించవలసి ఉందని నా వాదన.

ముందు నాకీ విషయంతో ఉన్న సంబంధం చెప్పాలి. నేను అమెరికాలో సివిల్ ఎయిర్ పెట్రోల్ అనే సంస్థలో స్వచ్ఛంద సభ్యుణ్ణి. ఇది ఆ దేశపు వైమానిక దళానికి అనుబంధ దళం. పగలు నా ఉద్యోగం నాది. వారంలో ఒక సాయంత్రం, నెలలో ఒకటి రెండు శనివారాలు ఈ పనికి పోతాయి. మూడేళ్ళ క్రితం కెప్టెన్ హోదా వచ్చినప్పుడు మా బాబాయిగారు గుంటూరు నుంచి ఫోన్ చేసి, "కెప్టెనయ్యావటగా నాయనా, ఎంత పెరిగిందేమిటి?" అని అడిగారు. "ఏమీ పెరగలేదు బాబాయిగారూ, యూనిఫాం కూడా నా డబ్బుతోనే కొనుక్కున్నాను, పైగా ఏటా చందా కట్టాలి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే అది ఉద్యోగం కాదు, నోము" అన్నారు. నాకా మాట నచ్చింది. నోముకైనా నియమాలుంటాయి, ఉద్యాపన ఉంటుంది. ఆ నియమాల గురించే ఇదంతా.

సివిల్ ఎయిర్ పెట్రోల్ 1941 డిసెంబరు 1న పుట్టింది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరగడానికి సరిగ్గా ఆరు రోజుల ముందు. దాని వెనక ప్రధానమైన ఊహ గిల్ రాబ్ విల్సన్ అనే ఆయనది. ఆయన వైమానికుడు, కొంతకాలం మతబోధకుడు, కవి కూడా. యుద్ధం వచ్చాక 1942 మార్చి నుంచి 1943 ఆగస్టు దాకా ఈ దళంలోని పౌరులు తమ సొంత చిన్న విమానాల్లో అట్లాంటిక్ తీరం వెంట, మెక్సికో సింధుశాఖ వెంట తిరిగి జర్మన్ జలాంతర్గాముల కోసం కాపలా కాశారు. ఆ తీర గస్తీలోనే 26 మంది ప్రాణాలు కోల్పోయారు. 1948లో చట్టం ద్వారా ఇది వైమానిక దళానికి అనుబంధమైంది. యుద్ధకాలపు సభ్యులకు గుర్తింపుగా 2014లో అమెరికన్ కాంగ్రెసు తన బంగారు పతకాన్ని ఇచ్చింది. ఇప్పుడు మేం చేసే పనులు మూడు: తప్పిపోయిన విమానాలనూ మనుషులనూ వెతకడం వంటి అత్యవసర సేవలు, పన్నెండేళ్ళు నిండిన పిల్లలకు కేడెట్ శిక్షణ, వైమానిక శాస్త్ర విద్య. అట్టముక్కల మాట ఎత్తేవారు ముందీ చరిత్ర తెలుసుకోవాలి.

ఇంతకీ హోదాలు ఎలా వస్తాయి? వయోజనుడిగా చేరినవాడికి మొదట ఏ హోదా ఉండదు. మొదటి అంచె శిక్షణ పూర్తిచేసి, ఆరు నెలలు గడిస్తే సెకండ్ లెఫ్టినెంట్. ఈ మొదటి అంచెలోనే పిల్లలతో ఎలా మెలగాలో, ఏది చేయకూడదో చెప్పే రక్షణ పాఠం తప్పనిసరి. మరో పన్నెండు నెలలకు ఫస్ట్ లెఫ్టినెంట్. ఆపైన పద్దెనిమిది నెలలకు కెప్టెన్. మూడేళ్ళకు మేజర్. నాలుగేళ్ళకు లెఫ్టినెంట్ కల్నల్. కూడుకుంటే సరిగ్గా పదేళ్ళు. అయితే కాలం గడిస్తే చాలదు. ప్రతి మెట్టుకూ చదవవలసిన పాఠాలున్నాయి, నిర్వహించవలసిన బాధ్యతలున్నాయి. రేడియో, భద్రత, ఆర్థిక లెక్కలు, కేడెట్ శిక్షణ వంటి ఒక రంగాన్ని ఎంచుకుని అందులో ప్రవేశం నుంచి ప్రావీణ్యం దాకా అంచెలంచెలుగా ఎదగాలి. అన్నీ ఉన్నా హోదా దానంతట అది రాదు. స్క్వాడ్రన్ కమాండర్ సిఫారసు చేయాలి. పై హోదాలైతే రాష్ట్రస్థాయి వింగు, ఆపైన రీజియన్ ఆమోదించాలి.

ఈ అంచెల్లో ఇచ్చే పురస్కారాల పేర్లు నాకు ముచ్చటగా అనిపిస్తాయి. రెండో అంచె బెంజమిన్ ఓ. డేవిస్ పేరు మీద ఉంది. వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో నాలుగేళ్ళ పాటు తోటి విద్యార్థులు ఆయనను వెలివేసినట్టు చూశారు. నల్లవాడన్నదే కారణం. విధికి అవసరమైనంత మేరకే మాట్లాడేవారు. ఆయన 1936లో పట్టభద్రుడై బయటికొచ్చి, రెండో ప్రపంచయుద్ధంలో టస్కీగీ వైమానికులకు నాయకత్వం వహించి, 1954లో అమెరికా వైమానిక దళంలో మొట్టమొదటి నల్లజాతి జనరల్ అయ్యాడు. హోదా అంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్ళు తక్కువ. ఇక చిట్టచివరి అయిదో అంచె గిల్ రాబ్ విల్సన్ పేరు మీద ఉంది. అందులో ఒక విశేషముంది. అది పూర్తిచేసినవారికి కొత్త హోదా ఏమీ రాదు. లెఫ్టినెంట్ కల్నల్ నాలుగో అంచెతోనే వచ్చేస్తుంది. అయిదోది కేవలం నేర్చుకోవడం కోసం. దాన్ని ఎవరు పూర్తిచేస్తున్నారో, ఎవరు మానేస్తున్నారో గమనిస్తే ఒక మనిషి ఇన్నాళ్ళూ దేనికోసం మెట్లెక్కాడో తెలిసిపోతుంది.

ఇంత కష్టపడి తెచ్చుకున్న ఈ హోదా ఏమిస్తుంది? ఆశ్చర్యంగా ఉంటుంది గాని, అధికారం ఇవ్వదు. మా దళంలో మేజరుకి వైమానిక దళంలోని కొత్త సిపాయి మీద కూడా ఏ ఆజ్ఞాధికారమూ లేదు. వాళ్ళు మాకు సెల్యూట్ చేయనవసరం లేదు. వాళ్ళ అధికారులకు మేం చేయాలి. మా భుజాల మీది పట్టీ బూడిదరంగులో ఉంటుంది, దాని మీద సంస్థ పేరులోని మూడు పొడి అక్షరాలుంటాయి, ఎవరూ పొరబడకుండా. దళం లోపల కూడా పెత్తనం హోదాది కాదు, పదవిది. ఒక కెప్టెన్ స్క్వాడ్రన్ కమాండరుగా ఉంటే, ఆయన కింద ఇద్దరు లెఫ్టినెంట్ కల్నళ్ళు హాజరుపట్టీ రాస్తూ, పిల్లలకు పాఠం చెబుతూ ఉండొచ్చు. ఉంటారు కూడా.

అలాంటప్పుడు హోదాలెందుకు, ఎత్తేయొచ్చు కదా అనేవారున్నారు. ఆ వాదన తేలికైనది కాదు. అమెరికా తీర రక్షక దళానికీ ఒక అనుబంధ దళముంది, 1939లో మొదలైంది. అక్కడ పదవులే తప్ప హోదాల్లేవు. చొక్కా మీది గుర్తు ఆ మనిషి నిర్వహించే బాధ్యతను చెబుతుంది. ఎవర్నీ కమాండర్ గారూ, కెప్టెన్ గారూ అని పిలవరు. ఆ పద్ధతిలో నిరాడంబరత ఉంది. అయినా నేను మా పద్ధతివైపే మొగ్గుతాను. దానికి కారణం పిల్లలు.

మా కేడెట్లు ఒక్కో మెట్టుకూ కనీసం ఎనిమిది వారాలు ఆగాలి. పరీక్ష రాయాలి, పరుగెత్తాలి, తోటివాళ్ళను నడిపించి చూపాలి. పద్నాలుగేళ్ళ పిల్ల పరీక్ష తప్పి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చదువుకుని వస్తుంది. ఆమె ముందు నిలబడి క్రమశిక్షణ గురించి చెప్పే పెద్దవాడు తాను కూడా ఏదో ఒక నిచ్చెన ఎక్కుతూ ఉండాలి. తనకూ గడువులుండాలి, తననూ ఎవరో ఒకరు కూర్చోబెట్టి ప్రశ్నించాలి, తనకూ 'ఇంకా కాలేదు, వచ్చే ఏడాది చూద్దాం' అనే మాట వినవలసి రావాలి. నలభై అయిదేళ్ళ వయసులో ఆ మాట వినడం మనిషికి ఆరోగ్యం. మన జీవితాల్లో ఆ వయసుకి మనల్ని పరీక్షించేవాళ్ళు ఎవరూ మిగలరు.

అలాగని ఈ పద్ధతిలో లోపాలు లేవనను. రెండు చెబుతాను.

మొదటిది దొడ్డిదారి. దొడ్డిదారంటే కొందరికి కోపం రావొచ్చు, కాని నియమావళిలోనే ఉంది. వైద్యులు, న్యాయవాదులు, విమాన చోదకులు, ఇంకా కొన్ని వృత్తులవారు, సైన్యంలో అధికారులుగా పనిచేసి వచ్చినవారు కింది మెట్లు వదిలి నేరుగా పై హోదాల్లో చేరవచ్చు. వాళ్ళు తమ ఏళ్ళను వేరేచోట వెచ్చించి వచ్చారు గనక ఇది న్యాయమేనంటారు. సైన్యం నుంచి వచ్చినవారి విషయంలో నేనూ ఒప్పుకుంటాను, వాళ్ళది ఇదే తరహా సేవ. కాని నైపుణ్యానికి గుర్తుగా మా దగ్గర వేరే బ్యాడ్జీలున్నాయి. చోదకుడికి రెక్కలున్నాయి. నైపుణ్యానికి బ్యాడ్జీ, సేవకు హోదా అని రెండూ విడిగా ఉంటేనే రెంటికీ అర్థముంటుంది. ఆరు నెలల క్రితం చేరిన వైద్యుడు, ఆరేళ్ళుగా చెమటోడ్చిన బడిబస్సు డ్రైవరు ఒకే గుర్తు ధరిస్తే, ఆ గుర్తు చూసి కొత్తగా చేరినవాడు ఏం నేర్చుకోవాలి?

రెండోది మరింత సూక్ష్మమైనది. అడిగేవాడికే హోదా రావడం. నాకు తెలిసిన ఒక స్క్వాడ్రన్‌లో ఒకావిడ ఎనిమిదేళ్ళుగా సామాన్ల లెక్క చూసేది. ఏ పిల్లకు ఏ కొలత బూట్లు చిన్నవయ్యాయో ఆమెకు నోటికి తెలుసు. చేరిన కొత్తలో వచ్చిన సెకండ్ లెఫ్టినెంట్ దగ్గరే ఆగిపోయింది. పాఠాలన్నీ పూర్తయ్యాయి, ఎక్కించవలసిన కాగితాలు ఎక్కలేదు. ఆమె అడగలేదు, ఎవరూ చూడలేదు. ఆమె తరవాత చేరి, ఫారాలు నింపడంలో ఆరితేరినవాళ్ళు ఆమెను దాటిపోయారు. ఆమె బాధపడిందో లేదో నాకు తెలియదు. ఒక ఏడాది చందా కట్టలేదు, అంతే. జీతం ఇచ్చేచోట మనిషిని మరిచిపోతే ఫిర్యాదు వస్తుంది. జీతం లేనిచోట మనిషే రావడం మానేస్తాడు. అందుకే స్వచ్ఛంద దళంలో పదోన్నతి అడిగి తెచ్చుకునేది కాకూడదు. ఏడాదికొకసారి కమాండరే పట్టిక ముందేసుకుని, 'ఎవరికి అర్హత వచ్చింది, ఎవరిని మరిచిపోయాం' అని వెతకాలి. తప్పిపోయిన విమానాన్ని వెతికే దళానికి తనలో తప్పిపోయిన మనిషిని వెతకడం చేతకాకపోతే ఎలా?

మన వైపు చూద్దాం. 1948 చట్టంతో ఏర్పడిన ఎన్‌సీసీలో మన కాలేజీ లెక్చరర్లు కాంప్టీలోనో గ్వాలియర్‌లోనో శిక్షణ పొంది లెఫ్టినెంట్లవుతారు, కెప్టెన్లు, మేజర్లవుతారు. బడుల్లో అయితే థర్డ్ ఆఫీసర్ నుంచి చీఫ్ ఆఫీసర్ దాకా మెట్లున్నాయి. మనలో చాలామందికి 'ఎన్‌సీసీ సార్' ఒక జ్ఞాపకం. ఆదివారం పొద్దున్నే మైదానంలో నిలబడ్డ ఆ సారుకి అసలు ఉద్యోగం వేరే ఉంది, ఇల్లు దానితో గడుస్తుంది. ఆయన భుజం మీది నక్షత్రాలు నిజంగానే నోముఫలం.

హోంగార్డుల సంగతి అలా కాదు. 1946 డిసెంబరులో బొంబాయిలో మొదలై, 1962 చైనా యుద్ధం తరవాత దేశమంతటా ఒక రూపానికి వచ్చిన ఈ దళం కూడా కాగితం మీద స్వచ్ఛందమే. అందులోనూ ప్లటూన్ కమాండర్, కంపెనీ కమాండర్ వంటి హోదాలున్నాయి. కాని మండుటెండలో కూడలి దగ్గర నిలబడ్డ హోంగార్డుకి సాయంత్రం వేరే ఉద్యోగం లేదు. అదే అతని బతుకుతెరువు. 2015లో సుప్రీంకోర్టు ఆ సేవను క్రమబద్ధం చేయమని ఆదేశించలేదు గాని, ముప్ఫై రోజుల భత్యం కలిపితే పోలీసుకి వచ్చే కనీస వేతనానికి సమానం కావాలని రాష్ట్రాలకు చెప్పింది. ఆ తీర్పులోనే అసలు సంగతి ఉంది. కడుపు నింపే పనిని సేవ అని పిలవడం పేరుకే గౌరవం. అలాంటిచోట హోదా పెంచి భత్యం పెంచకపోతే, అవి నిజంగానే నాటకాల భుజకీర్తులు. నేను మొదట సగం అన్నది ఈ సగాన్నే. జీతం లేని హోదాకు విలువ ఉండాలంటే, దాన్ని ధరించినవాడి పొయ్యి దాని మీద ఆధారపడి ఉండకూడదు.

చివరగా సాహిత్యం చదివేవారికి ఒక మాట. బిరుదుల గురించి మనకు తెలియనిది లేదు. ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక 'కవిసార్వభౌమ'. ఎవరు పరీక్షించారు, ఎన్నేళ్ళు ఆగారు, ఎవరు వద్దన్నారు అని అడిగితే జవాబుండదు. దాని పక్కన 'అష్టావధాని' అన్న మాట పెట్టి చూడండి. ఎనిమిది మంది పృచ్ఛకులను ఏకకాలంలో ఎదుర్కొన్నవాడని అందులోనే లెక్క ఉంది. సభ ముందు నిలబడి తేల్చుకున్నది గనక దాన్ని ఎవరూ ఎగతాళి చేయరు. హోదా అష్టావధాని వంటిదా, శాలువా వంటిదా అన్నదే ప్రశ్న.

వచ్చే నెలతో కెప్టెనుగా నాకు మూడేళ్ళు నిండుతాయి. మేజరు హోదా వస్తుందో, మరో ఏడాది ఆగమంటారో తెలియదు. వస్తే సంతోషిస్తాను, సంతోషించనని బుకాయించను. కాని మా స్క్వాడ్రన్‌లో ఎవరి పేరు చర్చకు వచ్చినా నేను వేసే ప్రశ్న ఒకటే, అది నాకూ వర్తిస్తుంది: ఈ హోదా ఇవ్వకపోయినా ఈ మనిషి వచ్చే మంగళవారం సాయంత్రం వచ్చి కుర్చీలు వేస్తాడా? వేస్తాడనుకుంటే ఇచ్చేయాలి. ఆలస్యం చేయకూడదు.