బిడ్డను కూడా అడుగుదాం

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న యువతీయువకులను మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి ఆసుపత్రికి తెచ్చినప్పుడు, వారి రోజువారీ పనుల గురించి మనం తల్లినే అడుగుతాము. తల్లిదండ్రులు హైదరాబాదుకో చెన్నైకో వలస పోయి ఉంటే అమ్మమ్మను అడుగుతాము. పదిహేడేళ్ల బిడ్డ పక్కనే కూర్చుని వింటూ ఉంటాడు. “ఆడికేటి తెలుస్తాదండీ” అంటారు. మేము ఆ మాట ఒప్పుకోము.

1935లో డాల్ తయారుచేసిన వైన్‌లాండ్ స్కేలు మన దేశంలో ఎంతోకాలంగా వాడుకలో ఉంది. అది బిడ్డను ఎరిగినవారిని అడిగి నింపేది. కాని తల్లి ప్రేమకొద్దీ తానే అన్నం కలిపి పెడుతుంది. బిడ్డ కలుపుకోగలడో లేదో ఆమెకూ తెలియదు. స్నానంలో ఎక్కడ కష్టమో, ఏ పని నేర్చుకోవాలని ఉందో బిడ్డకే తెలుసు. అమెరికాలో ఇలాంటి యువతే స్వయంగా జవాబు చెప్పేటట్లు, బొమ్మలతోను, చదివి వినిపించే ఏర్పాటుతోను పెడి-ప్రో అనే ప్రశ్నావళి తయారుచేశారు.

కంప్యూటరు లేకపోయినా మనమూ అడగవచ్చు.

1. ఒక ప్రశ్నలో ఒకే పని, ఇంటి భాషలో అడగండి.
2. చొక్కా, గ్లాసు, పది రూపాయల నోటు చూపించి అడగండి.
3. “నేనే చేస్తాను”, “సాయం కావాలి”, “చేయలేను” – ఈ మూడింటికి మూడు బొమ్మలు పెట్టండి. మాట రానివారు వేలితో చూపుతారు.
4. అన్నిటికీ “ఊఁ” అంటుంటే ప్రశ్న తిప్పి అడగండి.
5. తల్లి జవాబు పక్కన బిడ్డ జవాబు రాయండి. రెండూ కలవకపోతే ఎవరినీ తప్పుపట్టక, ఆ పని చేయించి చూడండి.

బిడ్డ “చేస్తాను” అంటే పింఛను పోతుందని కొందరు తల్లులు భయపడతారు. 2024 జూలై నుండి మన రాష్ట్రంలో ఆ పింఛను 6,000 రూపాయలైంది; పేద ఇంటికి అది చిన్న మొత్తం కాదు. కనుక ఈ కాగితం బిడ్డకు ఏ పని నేర్పాలో తెలుసుకోవడానికేనని, సర్టిఫికెట్టు కోసం కాదని ముందే చెప్పాలి. ఆ మాట నిలుపుకోవాలి.

వికలాంగులకు చట్టం ముందు అందరితో సమానమైన గుర్తింపు ఉండాలని 2016 చట్టం చెబుతోంది. తల్లి ఎల్లకాలం ఉండదు. ఆమె తరువాత చూసుకొనేవారి చేతిలో, బిడ్డ తన గురించి తాను చెప్పిన కాగితం ఒక్కటైనా ఉండాలి.