బతికి బయటపడితే లెక్క ఎంత?

2021 ఆగస్టులో ఎల్బీనగర్ పరిధిలోని సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. ఆ చావులు వార్తలయ్యాయి. మరి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఇదే పనిలో గాయపడి బతికినవాళ్ళ సంగతి? అది ఆస్పత్రి వరండాలోనే తేలిపోతుంది. ఖర్చులు భరిస్తాం, పైన ఇంత ఇస్తాం, కేసు వద్దు అంటూ కాంట్రాక్టరు మనిషి కాగితం చాపుతాడు.

ఆ మొత్తం న్యాయమైనదో కాదో తేల్చేది అతని దయ కాదు. 2023 అక్టోబర్ 20న బలరాం సింగ్ కేసులో సుప్రీంకోర్టు లెక్క చెప్పింది: మురుగు కాలువ పనిలో చనిపోతే 30 లక్షలు, శాశ్వత వైకల్యంతో బతుకుదెరువు పోతే కనీసం 20 లక్షలు, మిగతా వైకల్యాలకు కనీసం 10 లక్షలు. ఇప్పించే బాధ్యత ప్రభుత్వాలది. 'కనీసం' అన్నారు గనుక బేరం మొదలవ్వాల్సిందే అక్కడ. రెండు లక్షల దగ్గర కాదు.

సంతకం అయిపోయిందని చాలామంది వదిలేస్తారు. వదలక్కర్లేదు. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం ఇలాంటి ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర నమోదు చేయించాల్సి ఉండేది. మొత్తం తక్కువైతే ఆయన నిరాకరించగలిగేవారు. నమోదు చేయించకపోతే యజమాని పూర్తి పరిహారం బాకీ ఉన్నట్టే లెక్క అయ్యేది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ రక్షణ ఉంది. వేలిముద్ర వేసినవాళ్ళూ ఆస్పత్రి చీటీలు, ఆ కాగితం నకలు పట్టుకొని ఆలస్యం చేయకుండా వెళ్ళాలి.