ముస్లిం మహిళ గురించి ప్రశ్నలెన్నో.. ఆమెను అడిగేదెవరు?

హిజాబ్ మీద చర్చ వచ్చిన ప్రతిసారీ టీవీల్లో ఒకే సీన్. నాయకులు మాట్లాడతారు, మతపెద్దలు మాట్లాడతారు, లాయర్లు వాదిస్తారు. ఎవరి తలమీది గుడ్డ గురించి ఈ గొడవంతా నడుస్తోందో ఆ ఆడపిల్ల మాత్రం కాలేజీ గేటు బయటే ఉండిపోతుంది. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు.

ఈ మౌనాన్ని పాతికేళ్ల కిందటే ఎత్తిచూపిన కళాకారిణి రుమ్మానా హుస్సేన్. 1952లో బెంగళూరులో పుట్టారు. తండ్రి ఇనాయత్ హబీబుల్లా ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీకి తొలి కమాండెంట్. తల్లి హమీదా హబీబుల్లా రాజ్యసభ సభ్యురాలు. దేశానికి సైనికాధికారులను తయారుచేసిన ఇంటి బిడ్డ ఆమె. అయినా 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ముంబైలో ఆ పేరే ప్రమాదమైపోయింది. అల్లర్లలో 900 మంది చనిపోయారనీ, వారిలో 575 మంది ముస్లింలనీ శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. ఎంతోమంది ముస్లింలు తలుపుల మీది నేమ్‌ప్లేట్లు పీకేసుకున్న రోజులవి.

అప్పటిదాకా ఆయిల్ పెయింటింగ్‌లు వేసిన రుమ్మానా ఆ తర్వాత పగిలిన మట్టికుండలు, అద్దాలు చేతిలోకి తీసుకున్నారు. అద్దం మీద పెట్టిన కుండ పెంకు చూస్తే గుమ్మటం గుర్తుకొస్తుంది. 1995లో ముంబై ఎన్‌సీపీఏ ఆవరణలో కాళ్లకు గజ్జెలు కట్టుకుని, చేతిలో కోసిన బొప్పాయి పట్టుకుని నడిచారు. నోరు పూర్తిగా తెరిచే ఉంది, అరుపు మాత్రం బయటికి రాలేదు. చెప్పడానికి ఎంతో ఉన్నా వినేవాళ్లు లేని మనిషి పరిస్థితి అదే కదా!

1998లో మరో ప్రదర్శన. క్యాన్సర్ చికిత్స తన శరీరంపై వదిలిన గుర్తును దాచుకోకుండా కూర్చుని, ముస్లిం మహిళ గురించి ప్రశ్నలు చదివారు. ఆమె ఎవరు, ఏం నమ్ముతుంది, పరదా వెనుక ఉందా లేదా అనే తీరులో సాగే ప్రశ్నలు. జవాబులు మాత్రం చెప్పలేదు. చూసేవాళ్లు తమ మనసులో ముందే రాసిపెట్టుకున్న జవాబులను తామే తడుముకోవాల్సి వచ్చింది. అక్కడ కూర్చున్నది బురఖాకో మతానికో గుర్తు కాదు, జబ్బుతో పోరాడుతున్న ఒక మనిషి. 1999లో ఆమె కన్నుమూశారు. ఆస్పత్రి గదిని, దర్గాను కలిపినట్టుండే ఆమె చివరి పెద్ద కళాకృతి ఇప్పుడు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది.

ఇది గ్యాలరీల ముచ్చటే అనుకుంటే పొరపాటు. నగరంలో ఇల్లు అద్దెకు అడిగితే ఇప్పటికీ జీతం కంటే ముందు పేరు అడిగే ఓనర్లున్నారు. కాలేజీలో సీటు సంపాదించిన పిల్లను ముందుగా తలమీది గుడ్డతోనే కొలుస్తున్నారు. హిజాబ్ తీయమనేవాళ్లూ, వేసుకోవాల్సిందేననేవాళ్లూ ఇద్దరూ ఆమె తరఫున తామే నిర్ణయం తీసేసుకుంటున్నారు.

అందరినీ కలుపుకుపోవడం అంటే వేదిక మీద ఒక ముస్లిం మహిళను కూర్చోబెట్టి ఫొటో తీయడం కాదు. కాలేజీ కమిటీలోనైనా, మసీదు కమిటీలోనైనా ఆమెకు సంబంధించిన నిర్ణయం జరిగేటప్పుడు ఆమె అక్కడ ఉండాలి, ఆమె మాట లెక్కలోకి రావాలి. రుమ్మానా ప్రశ్నలకు జవాబు అక్కడే మొదలవుతుంది.