రివర్స్ కెమెరా - మన అలక్ష్యం

యంత్రం మనిషికి సేవ చేస్తుందన్నది ఎంత నిజమో, మనిషి సేవ చేయనిదే యంత్రం నిలువదన్నదీ అంతే నిజం. మనవారు ఈ మాటలో మొదటి సగాన్ని మాత్రమే నమ్ముతున్నారని మా అభియోగం. కార్ల వెనుక భాగాన అమర్చే రివర్స్ కెమెరాయే ఇందుకు తార్కాణం.

1956లో అమెరికాలో బ్యూక్ సంస్థ తన సెంచూరియన్ అనే ప్రదర్శన కారుకు వెనుక టెలివిజన్ కెమెరా పెట్టి చూపినప్పుడు జనులకది వింత. 2002లో అదే దేశంలో ఒక తండ్రి ఇంటి ముందు కారును వెనుకకు తీస్తుండగా, రెండేండ్ల సొంత బిడ్డ దాని క్రింద పడి మరణించాడు. అద్దాలలో కనిపించనంత చిన్నవాడు. ఆ శిశువు పేరుతోనే 2008లో చట్టం వెలసింది. 2018 మే నెల నుండి అక్కడి కొత్త కార్లన్నింటికీ వెనుక దృశ్యం చూపే ఏర్పాటు తప్పనిసరి అయింది. మన దేశంలో 2019 జూలై నుండి కొత్త కార్లకు రివర్స్ సెన్సార్లను నిర్బంధం చేశారు. కెమెరాను మాత్రం చాలామంది తామే ఇష్టపడి కొనుక్కొంటున్నారు. సంతోషమే. కాని కొన్న తరువాత దాని ముఖం చూసేవారెందరు?

కెమెరా లేనివాడు మెడ తిప్పి చూస్తాడు. అనుమానం వస్తే దిగి చూస్తాడు. మసకబారిన కెమెరా ఉన్నవాడు తెరపై ఏమీ కనిపించనందున వెనుక ఏమీ లేదనుకొంటాడు. కనుక శుభ్రంగా లేని కెమెరా, అసలు లేని కెమెరాకన్న ప్రమాదకరమని మా నిశ్చితాభిప్రాయం.

దాని కటకం బొటనవేలి గోరంత. వానాకాలంలో నల్లరేగడి బురద ఒక్క చుక్క పడినా చాలు, సగం వీధి మాయమవుతుంది. దానిని పొడిగుడ్డతో రుద్దరాదు. ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు నీటితో మట్టిని నానబెట్టి కడిగి, పిదప మెత్తని గుడ్డతో అద్దవలెను. పెట్రోలు, థిన్నరు వంటివి దరిచేరనీయరాదు. సర్వీసింగ్ చేసే కుర్రవాళ్లు ప్రెషర్ పంపును కెమెరాకు ఆనించినట్లే పట్టి కొడతారు. ఆ ధాటికి రబ్బరు బిగింపు సడలి నీరు లోనికి చేరుతుంది. లోపల పట్టిన ఆవిరిని బయటి గుడ్డ తుడువజాలదు. అలాగని మరలు విప్పి చూడబోతే ఉన్న బిగింపు కూడా పోతుంది.

బయట కొని బిగించుకొన్న కెమెరాలకు మరొక బెడద కలదు. రివర్స్ లైటు తీగకు తీగ మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి పంపివేస్తారు. డిక్కీ తలుపు తెరచి మూసే కొద్దీ ఆ తీగ నలిగి తెగుతుంది. పని చేయించుకొన్ననాడే ఫ్యూజు వేశారా, తీగకు తొడుగు వేశారా అని అడగడం యజమాని హక్కు.

బంపరుకు దెబ్బ తగిలి టింకరింగ్ చేయించిన తరువాత కెమెరా కోణం మారియుండవచ్చు. సమతలంపై కారు నిలిపి, వెనుక కొలిచిన దూరంలో సున్నంతో గీత గీసి, తెరపై గీతతో సరిచూసుకొనవలెను. పది నిమిషాల పని. ఇక వేడుకలు. నికాహ్ కారైనా, పెండ్లి కారైనా పూలతో కప్పుతారు. దసరానాడు పసుపు కుంకుమలు అద్దుతారు. వీటిని మేము ఆక్షేపించడం లేదు, ఆ గోరంత కటకాన్ని వదలి అలంకరించమంటున్నాము.

కెమెరా నిర్మలంగా ఉన్నప్పటికీ, వస్తువులు ఉన్నదానికన్న దూరంగా కనిపించడం విశాలదృష్టి గల కటకాల స్వభావం. లారీ వెనుక పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వల దూరం నేలపై గీతలను బట్టి తెలియదు. ప్రక్క నుండి దూసుకువచ్చే సైకిలు కడ నిమిషం దాకా తెరలోకి రాదు. కనుక మెడ తిప్పడం మానరాదు.

కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. మన వాహనాల డ్రైవర్లు ప్రతి ఉదయం ఆయిలు, టైర్లతోపాటు కెమెరా కటకాన్ని, రివర్స్ లైటును కూడా చూచి పుస్తకంలో వ్రాసేటట్లు ఏర్పాటు చేయవలెను. కెమెరా లేని వాహనాన్ని వెనుకకు తీయునప్పుడు, డ్రైవరుకు అద్దంలో కనిపించేటట్లు ప్రక్కగా ఒక అటెండరును నిలుపవలెను. మధ్యాహ్నం భోజనానికి, నమాజుకు విద్యార్థులు గుంపులుగా ఆవరణలోకి వచ్చే ఆ అరగంటలో ఏ వాహనాన్నీ వెనుకకు తీయనీయకుంటే మరీ మంచిది.